వానకు తడిసిన గేరు సైకిల్ చైను మడ్డి పట్టి కిర్రుమంటోంది. బాగు చేసుకొనే పద్ధతి చెప్పగలరా?

తీరందారి (విశాఖపట్నం):

అందరికీ నమస్కారం. నా దగ్గర వెనుక 8 గేర్లున్న సైకిల్ ఒకటి ఉంది. కొని రెండేళ్ళు దాటింది. వారానికి నాలుగు రోజులు తెల్లవారుజామున ఆర్కే బీచ్ దగ్గర బయలుదేరి రుషికొండ మీదుగా తొట్లకొండ దాకా, ఓపిక ఉన్న ఆదివారాలలో భీమిలి దాకా వెళ్ళి వస్తుంటాను. వెళ్ళేటప్పుడు దారి పొడవునా కుడిపక్కన సముద్రమే కాబట్టి ఉప్పుగాలి తగలని రోజంటూ ఉండదు. దానికి తోడు జూన్ నుంచి వానలు.

సమస్య నా అశ్రద్ధతోనే మొదలైంది. జులైలో ఒక రోజు భీమిలి నుంచి తిరిగి వస్తూ నిలువునా తడిసిపోయి, ఇంటికి రాగానే సైకిల్‌ను అలాగే మెట్ల కింద పెట్టి ఆఫీసుకు వెళ్ళిపోయాను. మర్నాటికి చైను పలకల అంచులు నారింజ రంగుకు తిరిగాయి. తుప్పు వదిలించే స్ప్రే డబ్బా ఇంట్లో ఉంటే దానితో బాగా కొట్టాను. ఆ పూటకు చప్పుడు ఆగింది గాని, మూడో నాటికి మళ్ళీ కిర్రుకిర్రు మొదలైంది. ఈసారి మోటారు సైకిల్‌లో పోయగా మిగిలిన ఇంజిన్ ఆయిల్‌ను చైను మీద ధారగా పోశాను. చప్పుడు పోయింది. అయితే రెండు వారాలు తిరిగేసరికి చైను నిండా నల్లటి మడ్డి పేరుకొంది. వేలితో తీసి నలిపి చూస్తే ఇసుక కలిపిన కాటుకలా గరగరలాడుతోంది. కుడికాలి ప్యాంటు అంచు సంగతి చెప్పనవసరం లేదు.

దగ్గరలోని షాపుకు తీసుకువెళ్ళాను. వారు చైనును బొటనవేలితో ఒకసారి ఎత్తి చూసి, చైనుతో పాటు వెనుక పళ్ళ చక్రాల క్యాసెట్, ముందు చైన్‌వీల్ కూడా మార్చాలన్నారు. చైను ఒక్కటే మారిస్తే అయ్యే ఖర్చుకు అది ఎన్నో రెట్లు. దేనితోనూ కొలవకుండానే ఆ మాట అన్నారు కాబట్టి నాకు నమ్మకం కుదరలేదు.

చైనును విప్పే కడగాలా, సైకిల్ మీద ఉండగానే కడగవచ్చునా, కడిగాక ఏ నూనె వేయాలి, ఎన్నాళ్ళకొకసారి వేయాలి, నిజంగా అరిగిందో లేదో ఇంట్లో తెలుసుకొనే మార్గం ఏది అన్నవి నా సందేహాలు. ఇత్తడి బిందెలు తోమినట్టు చింతపండుతో తోమితే తుప్పు పోతుందని మా అమ్మ అంటోంది. అది కూడా చేయవచ్చునేమో చెప్పండి. మా నాన్నగారి పాత 22 అంగుళాల సైకిల్ కూడా ఇంట్లోనే ఉంది. దాని చైను వదులై, గతుకుల్లో చైన్‌కవర్‌కు టకటక తగులుతూ అప్పుడప్పుడు ఊడిపోతోంది. దాని విషయం కూడా తెలిసినవారు చెప్పగలరు.

పాతషాపు (తెనాలి):

తీరందారి గారికి, ముందు అమ్మగారి చింతపండు సంగతి తేల్చి మిగతా విషయాలకు వస్తాను. చైనుకు చింతపండు గాని, నిమ్మరసం గాని, బాత్‌రూమ్ కడిగే యాసిడ్ గాని తగలనివ్వకండి. బిందె మీద పులుపు పైపొరను తిని ఊరుకొంటుంది, నీళ్ళతో కడిగి తుడిస్తే పని అయిపోతుంది. చైనులో అదే పులుపు పిన్నుల సందుల్లోకి దిగితే పూర్తిగా కడిగి బయటకు తీయడం మన వల్ల కాదు; గట్టిపరచిన ఉక్కును లోపలి నుంచి కొరుకుతూనే ఉంటుంది. సైకిల్ గేర్లు, చైన్లు తయారు చేసే షిమానో కంపెనీ సూచనల పత్రాలలో కూడా చైనును ఆమ్లమూ క్షారమూ లేని డిటర్జెంట్‌తోనే కడగాలని, తుప్పు తీసే ద్రావణాలు వాడవద్దని ఉంటుంది.

మా నాన్నగారు తెనాలిలో ముప్పయ్యేళ్ళు సైకిల్ షాపు నడిపారు. బడి నుంచి రాగానే రేకు పళ్ళెంలో కిరసనాయిలు పోసి చైన్లు కడగడం నా వంతు. నేను కడిగిన చైనును ఆయన కళ్ళతో చూసేవారు కాదు. రెండు చేతులా చెవి దగ్గర పట్టుకొని ఆ పక్కకూ ఈ పక్కకూ వంచి వినేవారు. లోపల మట్టి మిగిలి ఉంటే సన్నగా కరకరమంటుంది, లేకపోతే పల్చటి గలగల తప్ప మరొకటి వినిపించదు. కరకర వినిపిస్తే మాట్లాడకుండా మళ్ళీ పళ్ళెంలో పడేసేవారు. పైకి అద్దంలా మెరిసే చైను కూడా అలా రెండు మూడు సార్లు పళ్ళేనికి తిరిగి వచ్చేది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, చైనులో నూనె అవసరమైన చోటు మన కంటికి కనిపించదు. 1880లో మాంచెస్టర్‌లో హాన్స్ రెనాల్డ్ తయారు చేసిన బుష్ రోలర్ చైను పద్ధతే ఇవాళ్టికీ మీ నాన్నగారి సైకిల్‌లో నడుస్తోంది: బయటి పలకలను కలిపే పిన్ను, ఆ పిన్ను తిరిగే చిన్న గొట్టంలాంటి బుష్, దాని మీద దొర్లే రోలర్. గేరు సైకిళ్ళ చైనులో ఆ బుష్ విడిగా ఉండదు. లోపలి పలకల రంధ్రాల అంచులనే చిన్న మెడలా వంచి దాని పని చేయిస్తారు. అందువల్ల నూనె లోపలికి తేలికగా దిగుతుంది, మట్టి కూడా అంతే తేలికగా దిగుతుంది. అరుగుదల అంతా పిన్నుకూ ఆ మెడకూ నడుమనే జరుగుతుంది. పలకల పైన ఎంత నూనె ఉన్నా దానివల్ల ఆ కీలుకు ఒరిగేదేమీ లేదు, రోడ్డు మీది ఇసుక అంటుకోవడానికి మాత్రం చక్కగా పనికి వస్తుంది. మీ వేలికి తగిలిన గరగర సానరాతి పొడి వంటిది. పెడల్ తొక్కిన ప్రతిసారీ దానితో మీరు పిన్నులను నూరుతున్నారు.

స్ప్రే కొట్టిన మూడో నాడే చప్పుడు తిరిగి రావడంలో ఆశ్చర్యం లేదు. ఆ రకం స్ప్రేలు నీటిని తోసివేయడానికి, పట్టేసిన తుప్పును వదులు చేయడానికి మంచివే. అయితే వాటిలోని ద్రావకం కీళ్ళలో మిగిలి ఉన్న పాత గ్రీజును కూడా పలుచన చేసి, తాను ఆవిరై పోతుంది. మిగిలే పొర పెడల్ ఒత్తిడికి నిలిచేంత మందంగా ఉండదు. స్ప్రే కొట్టిన తరువాత అసలు నూనె వేసి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

ఇప్పుడు మీ చైను ఉన్న స్థితిలో, ఒక్కసారికి మాత్రం విప్పి కడగడమే మంచిది. చైనులో ఒక లింకు మిగతావాటికంటే భిన్నంగా, పలకలో కీలు రంధ్రం పొడవుగా ఉండి కనిపిస్తే అది చేతితో విప్పుకొనే క్విక్ లింకు. దానికి ప్రత్యేకమైన పట్టకారు దొరుకుతుంది, లేకపోతే లింకుకు రెండు వైపులా గట్టి దారం కట్టి లాగి విప్పేవారు కూడా ఉన్నారు. అలాంటిది లేకపోతే పిన్ను కొట్టి విప్పే పని ఇంట్లో పెట్టుకోకండి, సైకిల్ మీదనే కడగండి.

కడిగే ముందు పొడిగుడ్డతో వీలైనంత మడ్డి తుడిచివేయాలి. చాలామంది ఈ పని వదిలేసి నేరుగా డీజిల్‌లో ముంచుతారు, అప్పుడు పైనున్న మడ్డి కరిగి అందులోని ఇసుక కీళ్ళలోకి దిగుతుంది. పాత బనియన్ గుడ్డను చైను చుట్టూ పట్టుకొని పెడల్‌ను వెనక్కి తిప్పితే సగం నలుపు గుడ్డకే వస్తుంది. ఆ తరువాత మూత గట్టిగా ఉన్న ప్లాస్టిక్ సీసాలో చైను వేసి, అది మునిగేంత డీజిల్ గాని కిరసనాయిలు గాని పోసి, రెండు నిమిషాలు బాగా కుదిపి తీయండి. మొదటి విడత డీజిల్ బొగ్గు నీళ్ళలా వస్తుంది. రెండో విడత, అవసరమైతే మూడో విడత కొత్త డీజిల్‌తో అదే పని చేయండి. పెట్రోల్ మాత్రం వద్దు. తొందరగా కడుగుతుందన్నది నిజమే గాని, ఆవిరి ఎంత దూరంలో ఉన్న నిప్పునైనా వెతుక్కొంటుంది. మా షాపులో దాన్ని గుమ్మం దాటి లోపలికి రానిచ్చేవారు కాదు.

డీజిల్ పొరను కూడా వదిలించాలి, లేకపోతే వేసే నూనె పలుచబడుతుంది. గిన్నెలు తోమే లిక్విడ్ కలిపిన గోరువెచ్చటి నీళ్ళలో కుదిపి, మంచినీళ్ళతో కడిగి, గుడ్డతో తుడిచి, ఎండలో గంటసేపు వేలాడదీయండి. మీ ఊరి గాలిలో తడి చైనును రాత్రంతా వదిలితే మళ్ళీ నారింజ రంగు చూస్తారు కాబట్టి, ఈ పని పొద్దున్నే మొదలుపెట్టండి. చైను ఆరేలోపు క్యాసెట్ పళ్ళ నడుమ గుడ్డపీలికను దూర్చి చెప్పుల బ్రష్ ఆడించినట్టు ఆడించి తుడవండి. వెనుక గేర్లు మార్చే డీరెయిలర్‌లోని రెండు చిన్న ప్లాస్టిక్ చక్రాలను మరచిపోవద్దు. మడ్డి అంతా వాటి అంచున గట్టి పట్టీలా పేరుకొని ఉంటుంది, పాత స్క్రూడ్రైవర్‌తో గీస్తే పెచ్చులుగా ఊడి వస్తుంది. ఆ చక్రాలను అలాగే వదిలేస్తే కడిగిన చైను పది కిలోమీటర్లకే మళ్ళీ నల్లబడుతుంది.

నూనె విషయం. ఆరిన చైనును తిరిగి ఎక్కించాక ప్రతి రోలర్ మీద ఒక్క చుక్క, అంతే. కింది వరస చైను లోపలి వైపు, అంటే పళ్ళకు తగిలే వైపు, సీసా మూతిని ఆనించి, ఒక లింకు దగ్గర మొదలుపెట్టి, మళ్ళీ ఆ లింకు వచ్చే వరకు ఒక్కొక్క చుక్కే వేసుకుంటూ వెళ్ళండి. సుమారు 110 చుక్కలు పడతాయి, ఐదు నిమిషాలు పడుతుంది. తరువాత పెడల్‌ను ఇరవై ముప్పై సార్లు వెనక్కి తిప్పి, రాత్రంతా వదిలేసి, పొద్దున్నే పొడిగుడ్డతో బయట ఉన్న నూనె మొత్తం తుడిచివేయండి. వేసిన నూనె తుడవడమేమిటని మనసొప్పదు గాని, దిగవలసింది అప్పటికే దిగి ఉంటుంది. సైకిల్‌కు డిస్క్ బ్రేకులుంటే ఆ పూట డిస్కుకు కాగితపు సంచి తొడగండి. దాని మీద ఒక్క తుంపర పడినా బ్రేకు పట్టదు, ప్యాడ్‌లు మార్చవలసి వస్తుంది.

ఇంజిన్ ఆయిల్ కొత్తదైతే ఆపద్ధర్మంగా ఇదే పద్ధతిలో వాడవచ్చు. మోటారు సైకిల్ నుంచి దించిన నల్ల ఆయిల్ మాత్రం వాడకండి. అందులో ఇనుప రజను, మసి కలిసి ఉంటాయి.

మైలురాయి (హైదరాబాద్):

పాతషాపు గారు చెప్పినదానిలో ఒక్క మాటతో తప్ప నాకు పేచీ లేదు, దాని గురించి చివర చెబుతాను. అరుగుదల కొలిచే పద్ధతిని ఆయన ప్రస్తావించలేదు. అది తేలితే గాని తీరందారి గారు షాపువారికి జవాబు చెప్పలేరు.

సైకిల్ చైను ఏ దేశంలో తయారైనా, ఎన్ని గేర్లదైనా, ఒక పిన్ను నుంచి పక్క పిన్నుకు దూరం అర అంగుళం, అంటే 12.7 మి.మీ. కాబట్టి 24 పిన్నుల దూరం కొత్త చైనులో కచ్చితంగా 12 అంగుళాలు, 30.48 సెం.మీ. ఉండాలి. చైను సాగడమంటే ఇనుము సాగడం కాదు, ప్రతి కీలూ కొద్దికొద్దిగా అరిగి ఆ సందులన్నీ కలవడం. ఒక్కొక్క కీలు 0.06 మి.మీ. అరిగితే, అంటే కాగితం మందం కంటే తక్కువే అరిగితే, చైను మొత్తం అర శాతం పెరిగినట్టు. 114 లింకుల చైనులో అది ఏడు మి.మీ. పైమాటే.

పిల్లల జామెట్రీ బాక్సులోని స్కేలు 30 సెం.మీ. దగ్గర ఆగిపోతుంది కాబట్టి సరిగ్గా కావలసిన చోటే చేతికి అందదు. దర్జీ టేపు సాగుతుంది, అదీ పనికిరాదు. వడ్రంగి వాడే ఉక్కు టేపు తీసుకోండి. దాని కొసన ఉండే కొక్కెం కొంచెం కదులుతూ ఉంటుంది కాబట్టి సున్నా దగ్గర మొదలుపెట్టకుండా, ఒక పిన్ను ఎడమ అంచును 10 సెం.మీ. గీత మీద పెట్టండి. వెనుక బ్రేకు పట్టి, పెడల్ మీద కొంచెం బరువు వేస్తే పై వరస చైను బిగువుగా నిలుస్తుంది. ఆ పిన్నును లెక్కలోకి తీసుకోకుండా, అక్కడి నుంచి 24వ పిన్ను ఎడమ అంచు ఎక్కడ పడిందో చూడండి. కొత్త చైను అయితే 40.48 దగ్గర పడుతుంది. మీ 8 గేర్ల చైను 40.71 దాకా, అంటే ముప్పాతిక శాతం దాకా నడవవచ్చు. ఆ తరువాత చైను మార్చాలి. 40.8 దగ్గరకు వచ్చిందంటే ఒక శాతం దాటింది, అప్పటికి వెనుక పళ్ళు కూడా అరిగి ఉంటాయన్నది దాదాపు ఖాయం. 11, 12 గేర్ల సన్నని చైన్లకు అర శాతం దగ్గరే గీత గీస్తారు. సాగిన చైను పళ్ళ అడుగున కూర్చోకుండా పైకెక్కి లాగుతుంది, దానితో పళ్ళు ఒక పక్కకు కొడవలి కొనల్లా వంగుతాయి. అలాంటి పళ్ళ మీద కొత్త చైను వేస్తే, లేచి బలంగా తొక్కినప్పుడు టక్కున జారుతుంది. అందుకే చైనును వేళకు మార్చేవారికి ఒక క్యాసెట్ రెండు మూడు చైన్లకు సరిపోతుంది. ముందు చైన్‌వీల్ అంతకంటే ఎక్కువ కాలం వస్తుంది.

ఇక నా పేచీ. నేను అవుటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో ప్రారంభమైన 23 కి.మీ. సైకిల్ ట్రాక్ మీద ఎక్కువగా తొక్కుతాను, ఏడాదికి రెండు మూడు 200 కి.మీ. బ్రెవేలు, అంటే గడువులోగా పూర్తి చేయవలసిన దూరప్రయాణాలు, కూడా చేస్తాను. ట్రాక్‌కు పైన సోలార్ పలకల కప్పు ఉంది కాబట్టి ఎండా వానా అంతగా తగలవు గాని, నార్సింగి, కొల్లూరు వైపు కట్టడాల రాతిపొడి సైకిల్‌ను వదలదు. ఆ దుమ్ములో ఏ నూనె వేసినా వారానికి మడ్డి అయ్యేది. రెండేళ్ళ నుంచి నూనె మానేసి మైనం వాడుతున్నాను. చైనును కడిగి పూర్తిగా జిడ్డు వదిలించి, పారఫిన్ మైనాన్ని గిన్నెలో గిన్నె పెట్టి వేడినీళ్ళ మీద కరిగించి, అందులో చైనును పది నిమిషాలు ఉంచి ఆడించి, తీసి వేలాడదీస్తే మైనం కీళ్ళలో గడ్డకడుతుంది. చల్లారాక కర్రలా బిగుసుకొంటుంది, గుండ్రటి గొట్టం మీద అటూఇటూ లాగితే కీళ్ళు వదులవుతాయి. దుమ్ము దానికి అంటదు, చేతికి నలుపు అవదు. మైనం గిన్నెను నేరుగా మంట మీద మాత్రం ఎన్నడూ పెట్టవద్దు.

అయితే తీరందారి గారికి దాన్ని సిఫారసు చేయను. ఒక్క గట్టి వాన పడితే మైనం చైను వట్టి ఇనుములా మిగులుతుంది, మీ ఉప్పుగాలిలో ఆ రాత్రికే తుప్పు. మీకు సైకిల్ షాపులో తడి వాతావరణానికని విడిగా అమ్మే చిక్కటి చైను నూనె (చైన్ ల్యూబ్) సరైనది. డిసెంబరు దాటాక పలుచనిదానికి మారవచ్చు.

రోజుపని (విజయవాడ):

పెద్దలు చెప్పినదంతా శ్రద్ధగా చదివాను. రోజూ ఎనిమిది కిలోమీటర్లు ఆఫీసుకు పోయి వచ్చే నాలాంటివాడికి ఇంత తంతు అవసరమా అన్నది నా సందేహం. నేను ఆదివారం టీ తాగుతూ గుడ్డతో ఒకసారి తుడిచి, నాలుగు చుక్కలు వేసి వదిలేస్తాను. విప్పి కడిగిన పాపాన పోలేదు, మూడేళ్ళుగా సైకిల్ నడుస్తూనే ఉంది. కొన్నాళ్ళు కొబ్బరినూనె కూడా వేశాను. వేసవిలో బాగానే ఉంది గాని, జనవరి పొద్దున సీసాలో పేరుకొన్నట్టే చైను మీద కూడా తెల్లగా పేరుకొంది.

పాతషాపు (తెనాలి):

రోజుపని గారూ, మీరు తంతు అంటున్నారు గాని, వారం వారం తుడవడమే అన్నిటికంటే ముఖ్యమైన పని. మీ చైనులో మడ్డి పేరుకొనే వ్యవధి లేదు కాబట్టి విప్పి కడిగే అవసరం రాలేదు. తీరందారి గారు కూడా ఒకసారి బాగు చేసుకొన్నాక మీ పద్ధతికే రావచ్చు. వాన పడిన రోజు మాత్రం వారం దాకా ఆగకుండా, ఇంటికి రాగానే తుడిచి ఆరాక నూనె వేయాలి; మామూలు రోజుల్లో 150, 200 కి.మీ.కు ఒకసారి చాలు.

వంటింటి నూనెలు వద్దు. కొబ్బరినూనె చలికి గడ్డకడుతుందని మీరే చూశారు, వేరుసెనగ నూనె గాలికి ఆరి జిగురు తేలుతుంది; బాణలి అంచున గోకినా వదలని పసుపు జిగురు ఉంటుందే, అదే పిన్నుల సందున తయారవుతుంది. ఆముదం కథ వేరు. ఎడ్లబండి ఇరుసుకు పెట్టే కందెనను మా ఊళ్ళలో గడ్డి కాల్చిన మసిని ఆముదంలో కలిపి చేసేవారు, ఇరుసు కర్రకు అది చక్కగా పనిచేసేది. దాని మీద గురి కొద్దీ నేను ఒక వేసవి సెలవుల్లో ఒకాయన సైకిల్ చైనుకు ఆముదం పట్టించాను. పది రోజులకు ఆ చైను లింకులు మోకాళ్ళు పట్టేసిన ముసలివారిలా ఎక్కడ వంచితే అక్కడే నిలబడ్డాయి. ఆయన ఊరుకున్నారు గాని మా నాన్నగారు ఊరుకోలేదు. కుట్టు మిషన్ నూనె చెడ్డది కాదు. మరీ పలుచన కాబట్టి రెండు మూడు రోజులకొకసారి వేసే ఓపిక ఉన్నవారికే పనికి వస్తుంది.

తీరందారి (విశాఖపట్నం):

అందరికీ ధన్యవాదాలు. నిన్న ఆదివారం పొద్దున ఏడు గంటలకు మొదలుపెట్టి పదకొండుకు పూర్తి చేశాను. చైనులో క్విక్ లింకు ఉంది. దాన్ని గుర్తు పట్టడానికే పావుగంట పట్టింది, ఎందుకంటే మడ్డిలో అన్ని లింకులూ ఒకేలా ఉన్నాయి. డీజిల్ మూడు విడతలు మార్చాను. మూడో విడత తరువాత చెవి దగ్గర పెట్టుకొని వంచి చూస్తే ఒక చోట ఇంకా కరకర వినిపించింది, అందుకని నాలుగో విడత కూడా కడిగాను. డీరెయిలర్ చిన్న చక్రాల మీది పెచ్చులు ఊడదీస్తే, ఇన్నాళ్ళూ నలుపు అనుకున్న ఆ చక్రాల మీద బాణపు గుర్తు, అక్షరాలు బయటపడ్డాయి.

ఉక్కు టేపుతో మూడు చోట్ల కొలిచాను. మూడు చోట్లా పిన్ను అంచు 40.6కూ 40.7కూ నడుమ పడింది. పళ్ళను కొత్త సైకిల్ ఫొటోతో పోల్చి చూశాను, నా కంటికి వంపు ఏమీ కనిపించలేదు. తెలియక అడుగుతున్నాను, ఈ అంకెతో చైను ఇంకెంత కాలం వస్తుందనుకోవచ్చు? చిన్న గేర్లలో చప్పుడు పూర్తిగా పోయింది. కడిగినప్పుడు కనబడిన మరో సంగతి: ఒక లింకు దగ్గర చైను సాఫీగా వంగడం లేదు, డీరెయిలర్ గుండా వెళ్ళేటప్పుడు చిన్న గెంతు గెంతుతోంది. తుప్పు మొదట పట్టింది ఆ చుట్టుపక్కలే.

మైలురాయి (హైదరాబాద్):

మీ కొలత అర శాతం దాటి ముప్పాతిక దగ్గరకు వస్తోంది. క్యాసెట్, చైన్‌వీల్ మార్చవలసిన అవసరం ఏమీ లేదు. ఎంత కాలం వస్తుందన్నది కిలోమీటర్లలో చెప్పడం కంటే నెలకొకసారి అదే టేపుతో కొలవడం మేలు, 40.7 గీత తాకిన రోజున చైను ఒక్కటే మార్చండి. 8 గేర్ల చైను అన్నిటికంటే చవకైన రకాలలో ఒకటి, ముందే ఒకటి కొని పెట్టుకున్నా నష్టం లేదు. కొత్త చైనుకు పాతదానిలో ఉన్నన్ని లింకులే ఉంచాలి. సాగిన చైను పొడవుగా కనబడుతుంది కాబట్టి రెండిటినీ పక్కపక్కన వేలాడదీసి కొసలు కలపడం కంటే లింకులు లెక్కపెట్టడం నయం. కొత్తదానికి వచ్చిన క్విక్ లింకునే వాడండి. మీ రకానిది చాలావరకు మళ్ళీ మళ్ళీ విప్పవచ్చు గాని, 11, 12 గేర్లకు షిమానో ఇచ్చేవాటిని ఒకసారి విప్పితే తిరిగి వాడవద్దని వారే చెబుతారు.

బిగుసుకొన్న లింకుకు ఒక చుక్క నూనె వేసి, దాని రెండు పక్కలా చైనును పట్టుకొని, మామూలుగా వంగే దిక్కున కాకుండా అడ్డంగా, మీ వైపుకూ అవతలి వైపుకూ, కొద్దిగా వంచి చూడండి. ఎక్కువ బలం పెట్టవద్దు. తుప్పు వల్ల పట్టేసినదైతే నాలుగైదు సార్లకు వదులవుతుంది. వదలకపోతే కొత్త చైను వేయడానికి అదే తగిన కారణం.

పాతషాపు (తెనాలి):

నాన్నగారి సైకిల్ సంగతి మిగిలిపోయింది. దానికి డీరెయిలర్ లేదు కాబట్టి, చైను సాగినకొద్దీ వెనుక చక్రాన్ని వెనక్కి జరిపి బిగువు తేవాలి. వెనుక ఇరుసు నట్లు రెండూ వదులు చేసి, రెండు పక్కల చైన్ అడ్జస్టర్ నట్లను సమానంగా బిగిస్తూ చక్రాన్ని లాగండి. చక్రం రెండు ఫోర్కుల నడుమ సరిగ్గా మధ్యలో ఉందో లేదో ప్రతిసారీ చూసుకోండి. కింది వరస చైనును నడిమి చోట వేలితో ఎత్తి దించితే అర అంగుళం ఆడాలి. అంతకంటే బిగిస్తే పెడల్ బరువెక్కుతుంది, ఇరుసు బాల్స్ చెడతాయి. పాత సైకిళ్ళలో చైన్‌వీల్ ఒక్క పిసరు వంకరగా ఉండడం మామూలే, కాబట్టి పెడల్‌ను నెమ్మదిగా తిప్పుతూ చైను అన్నిటికంటే బిగువుగా వచ్చే చోట ఆగి, ఆ అర అంగుళాన్ని అక్కడ చూడాలి. చాలామంది వదులుగా ఉన్న చోట బిగించి, మిగతా సగం తిరుగుడులో చైనును ఏడిపిస్తారు. చక్రం జరిగాక కడ్డీ బ్రేకు కూడా మారుతుంది, దాన్ని సరిచేయకుండా బయటకు తీయకండి.

ఆ చైనును కలిపే లింకుకు గుర్రపునాడాలాంటి చిన్న క్లిప్ ఉంటుంది. పక్క నుంచి చూస్తే అది చేపలా ఉంటుంది: మూసుకొన్న కొస తల, చీలిన కొస తోక. పై వరసలో ఉన్నప్పుడు తల ముందు చక్రం వైపు ఉండాలి. తిరగేసి పెడితే ఏదైనా తగిలినప్పుడు తోక తెరుచుకొని క్లిప్ ఊడిపోతుంది. మీది అప్పుడప్పుడు ఊడిపోతోందన్నారు. పళ్ళ మీద నుంచి జారుతోందా, లేక ఈ క్లిప్ దగ్గరే విడిపోతోందా అన్నది ముందు చూసుకోండి. చక్రం అడ్జస్టర్ చివరిదాకా వెళ్ళిపోయి ఇంకా వదులుగానే ఉంటే ఆ చైను రోజులు తీరాయి.

నాలుగు విడతల డీజిల్ మిగిలి ఉంటుంది, కాలువలో పోయకండి. అంతా ఒక సీసాలో పోసి మూత పెట్టి, కదలని మూలన నాలుగు రోజులు ఉంచండి. మడ్డి అడుగున దిగిపోతుంది. పైన తేటగా ఉన్నదాన్ని సీసా కదపకుండా మరో సీసాలోకి వంచుకొంటే, నాన్నగారి సైకిల్ చైనుకు మొదటి రెండు విడతలు దానితోనే గడుస్తాయి. అడుగున మిగిలిన మడ్డిని మోటారు సైకిల్ ఆయిల్ మార్చే షాపులో పాత ఆయిల్ డ్రమ్ముకు ఇవ్వండి.